గిన్నెలు తోమిన మగవాడు

ఆదివారం మధ్యాహ్నం నేను చొక్కాలు ఇస్త్రీ చేస్తుంటే, పేపరు చాటునుంచి మా ఆయన అన్నారు: “డెబ్భై దాటినవాడి గొంతు వినడానికి అంతదూరం పోవాలా? ఫోన్లో వింటే పాటేమైనా అరిగిపోతుందా?”

నేను ఇంకో చొక్కా తీసుకున్నాను. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో ఒంటరిగా ఎక్కడికైనా వెళ్తానని అడగడం ఇది మూడోసారి. మొదటి రెండుసార్లూ చావు ఇళ్లకి.

జానపద బాణీలకు గిటారూ డ్రమ్సూ కలిపి పాడే ఆ పెద్దాయన పాటలు హాస్టల్లో ఉన్నప్పటినుంచీ నాకు ప్రాణం. అందులోనూ ఒకటి. తడిచేతులతోనే గోడకానుకుని నిద్రపోయిన భార్యను చూసి, లేపకుండా, చప్పుడు చేయకుండా మిగిలిన గిన్నెలు తోమిపెట్టిన మగవాడి పాట. కంటి ఆసుపత్రిలో ఆపరేషన్ల గదిలో ఎనిమిది గంటలు నిలబడి ఇంటికొచ్చి, మళ్లీ సింకు ముందు నిలబడినప్పుడల్లా అదే వినేదాన్ని. ఒక మగవాడికి ఇది కనిపించిందంటే, ఇంకొకడికీ ఎప్పటికో అప్పటికి కనిపిస్తుంది కదా అనుకునేదాన్ని. నా ఓపికంతా ఆ పాటమీదే నిలబడింది.

కిందటి నెల ఆసుపత్రివాళ్లు హెడ్ నర్సు శిక్షణకి నన్ను ఎంపిక చేశారు. వేరే ఊళ్లో ఏడాది. ఇంట్లో చెబితే మా ఆయన కోప్పడలేదు. “నీ ఇష్టం. తుంటి విరిగి మంచంలో ఉన్న అమ్మని ఎవరు చూస్తారో కూడా నువ్వే చెప్పు” అన్నారంతే. శిక్షణకి వెళ్లలేనని సోమవారం ఆసుపత్రిలో రాసివ్వాలనుకున్నాను.

ఆ సాయంత్రం కచేరీ హాల్లో నాది పక్క ద్వారం దగ్గరి కుర్చీ. పెద్దాయన గొంతు బొంగురుపోయింది, అయినా నాకు ఒళ్లు జలదరించింది. వేదిక ఓరన నెరిసిన జుట్టు ముడేసుకున్న ఒకావిడ గిటార్లు శ్రుతి చేసి అందిస్తోంది, మంచినీళ్లిస్తోంది, ఆయన చెమట తుడుచుకున్న తువ్వాలు తీసుకుంటోంది. గిన్నెల పాటకి ముందు ఆయన మైకులో నవ్వారు.

“ఇన్నాళ్లూ చెప్పలేదు. ఈ పాట రాసింది నేను కాదు, మా ఆవిడ. ఇంట్లో ఎవరు రాస్తే ఏముందిలే అని నా పేరే వేసేశాం.”

హాలంతా లేచి చప్పట్లు కొట్టింది, ఆయన పెద్ద మనసుకి. వేదిక ఓరన ఆవిడ తలెత్తలేదు. తీగ బిగిస్తూనే ఉంది. నాకు మాత్రం చేతులు లేవలేదు.

కచేరీ అయ్యాక పక్క ద్వారంలోంచి వేదిక వెనక్కి వెళ్లాను. ఆవిడ నేలమీద కూర్చుని వైర్లు చుడుతోంది.

“అమ్మా, ఆ పాట నిజంగా మీదేనా?”

“ఆఁ.”

“మరి... సారు నిజంగానే అలా తోమిపెట్టారా? ఒక్కసారైనా?”

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. నాలో ఏం కనిపించిందో, గొంతు తగ్గించింది.

“తోమి ఉంటే పాటెందుకు రాస్తానే పిచ్చిదానా?”

లోపలినుంచి పెద్దాయన కేకేశారు, టీ ఏదని. ఆవిడ మోకాళ్లు పట్టుకుని లేచింది.

బస్సులో కిటికీకి తల ఆనించి కూర్చున్నాను. ఏడుపు రాలేదు. అలాంటి మగవాడు ఎక్కడో ఉన్నాడని నమ్మి ఇరవై రెండేళ్లు ఎదురుచూశాను. వాడు అలిసిపోయిన ఒక ఆడదాని ఊహ. ఆమె కూడా నాలాగే ఎదురుచూసి, రాకపోతే వాణ్ణి తనే తయారుచేసుకుంది.

ఇంటికొచ్చేసరికి మా ఆయన టీవీ ముందున్నారు. “అమ్మ ఇందాకటినుంచీ పిలుస్తోంది. ఎలా ఉన్నాడేంటి మీ ముసలాడు?”

చెప్పులు విడిచి, చేతులు కడుక్కుని, టీవీ ఆపేశాను.

“లేచి రండి. అత్తయ్యని పక్కకి ఎలా తిప్పాలో, పక్క ఎలా మార్చాలో చూపిస్తాను. నేను వెళ్లడానికి పదిహేను రోజులే ఉన్నాయి.”