మిణుగురుల సీమంతం

పెళ్లయిన తొమ్మిదేళ్లకు, కాకినాడలో ఇంజక్షన్లు చేయించుకున్నాక నాకు కడుపు పండింది. గల్ఫ్‌లో మేముండే మహూజ్‌లో, మా గదిలోనే సీమంతం. ఉబ్బిన చేతులకు గాజులు ఎక్కడం లేదు. పట్టపగలు, ఏసీ చల్లదనంలో, కళ్ల ముందు మిణుగురులు తేలుతున్నాయి. ఎంత బాగున్నాయో!

"మిణుగురులు," అన్నాను నవ్వుతూ.

"దిష్టే!" అంటూ పక్కింటి నరసాయమ్మ పిన్ని గుప్పెడు ఉప్పు తెచ్చింది.

మా ఆయన మణికుమార్ అడ్డుపడ్డాడు. "ఇంజక్షన్లతో నిలిచిన కడుపుకి బీపీ భయం ఎక్కువంట. కళ్ల ముందు మెరిస్తే వెంటనే తీసుకురమ్మంది డాక్టరమ్మ. దిష్టి తర్వాత తీద్దురుగాని పిన్నిగారూ, ముందు దానికి చెప్పులు తొడగండి. నేను టాక్సీ ఆపుతాను."

ఆసుపత్రిలో మందు ఎక్కేకొద్దీ మిణుగురులు ఒక్కొక్కటే ఆరిపోయాయి. పిచ్చిదాన్ని, వాటి కోసం బెంగపడ్డాను.

చివరిది ఆరాక, లోపలినుంచి బిడ్డ గట్టిగా తన్నింది.