వెనక్కి తిరగని తేదీ

కుర్చీలో కూర్చోకముందే పిన్ని తేదీ ముద్ర చక్రాన్ని బొటనవేలి గోటితో ఒక పన్ను ముందుకు జరిపింది. పద్దెనిమిదేళ్లుగా ఆమె రోజు అలాగే మొదలవుతోంది. ఉద్యోగాల్లో చేరబోయేవాళ్ల పూర్వాపరాలు విచారించి యజమానులకు నివేదికలు పంపే ఆఫీసు అది. మనిషి ఒప్పుకోలు సంతకం కనబడందే ఫైలు విప్పదని అందరూ ఆమెను సంతకాల పిన్ని అంటారు.

గదినిండా పాత జిగురు వాసన. ఎదుటి బల్ల దగ్గర మేనేజరు పేపరు క్లిప్పుతో చెవి తవ్వుకున్నాడు. కొసకంటిన గులిమిని తేరిపార చూసి, క్లిప్పును మళ్లీ డబ్బాలోనే పడేశాడు. ఆ క్లిప్పులే ఆమె ఫైళ్లకు పెట్టాలి.

"పిన్నీ, శిశుసదనంలో చేరబోయే ఆ ఆయా ఫైలు మూసెయ్. దొంగతనం కేసుంది. వద్దని వాళ్లకి ఫోన్ చేసేశా."

ఆమె ఫైలు తెరిచింది. ఆయా పుట్టింది ఎనిమిదో నెల మూడో తేదీన. కేసులో ఉన్నావిడ మూడో నెల ఎనిమిదో తేదీన. పేరొకటే, సంవత్సరమొకటే. ఆఫీసువాళ్లు తేదీనీ నెలనీ తారుమారు చేసి వెతికారు.

"ఈమె ఆమె కాదు బాబూ. అయినా చెడ్డమాట చెప్పేముందు ఈమెకి నివేదిక నకలు పంపి ఏడు రోజులు ఆగాలి కదా? చట్టం..."

"చట్టం నాకు నేర్పుతావా? తేదీ వారం వెనక్కి తిప్పి ఓ ఉత్తరం కొట్టు. పంపాం, జవాబు రాలేదు, అంతే. తిప్పడం నీకు కొత్తా ఏంటి?"

కొత్త కాదు. మూడుసార్లు తిప్పింది. ఒకసారి ఉద్యోగం చేజారిన ఒక లారీ డ్రైవరు, "ఉత్తరం అందలేదమ్మా" అంటూ ఇక్కడే నిలబడి, మెట్లు దిగిపోయాడు. ఆ చెప్పుల చప్పుడు ఇప్పటికీ దిగుతూనే ఉంది. ముద్ర పళ్ల సందుల్లో ఎండిన సిరా, అందులో ఏదో పురుగు కాలు. తన గోళ్ల కిందా అదే నీలం. తన చెయ్యంటేనే రోత పుట్టింది.

మధ్యాహ్నం ఆయా వచ్చింది.

"ఎల్లుండి చేరమన్నారు, ఇప్పుడొద్దంటున్నారు. నేనేం చేశానమ్మా?"

"ఉత్తరం పంపాం, చూసుకోలేదా?" అన్నాడు మేనేజరు తలెత్తకుండా.

"మాకున్నది ఒక్క గదండీ. ఉత్తరం ఎక్కడ దాక్కుంటుంది?"

పిన్ని లేచి, నోటీసు కాగితం మీద రెండు పుట్టినతేదీలూ పక్కపక్కనే రాసింది. కింద ముద్ర గుద్దింది. ఇవాళ్టి తేదీ.

"ఇదిగో తల్లీ, నీ ఉత్తరం ఇప్పుడే వచ్చింది. నీకింకా ఏడు రోజుల గడువుంది. నేరుగా శిశుసదనానికి వెళ్లి చూపించు. ముందు, అందినట్టు ఇక్కడ సంతకం పెట్టు."

ఆయా సంతకం పెట్టి మెట్లు దిగింది. మేనేజరు అన్నాడు, "రేపట్నించి నువ్వు రానక్కర్లేదు."

"రేపటి తేదీ మీరే తిప్పుకోండి బాబూ."

సబ్బుకంటిన ఎవరిదో వెంట్రుకను తీసి పారేసి, చేతులు మూడుసార్లు కడుక్కుంది. టిఫిను డబ్బా సంచిలో పెట్టుకుంది. మెట్లు దిగిపోయింది.

మర్నాడు పొద్దున శిశుసదనం నుంచి ఫోను ఆగకుండా మోగింది, ఆయా విషయం తేల్చమని. మేనేజరు ఫోను వైపు చూడకుండా అరిగిన చక్రాన్ని గోటితో గీకాడు, క్లిప్పుతో పొడిచాడు. అది ముందుకూ పోలేదు, వెనక్కూ పోలేదు. బల్ల మీద ఆ ముద్ర నిన్నటి తేదీనే కరుచుకుని ఉంది.