ఫోటో దుప్పటి

పేదలకు దానం చేస్తున్నట్టు ఫోటో కోసం మా అత్తకు ఉన్ని దుప్పటి కప్పింది మేడం. ఫోటో అయ్యాక లాగేసుకుంది. "ఇంకో రెండిళ్లల్లో తీయాలి, తర్వాత పంపిస్తా" అంది. పంపలేదు. చలికాలమంతా మా అత్త మంచంలో ముడుచుకుని, "నా దుప్పటి వచ్చిందటే?" అని అడుగుతూనే ఉంది.

మేడం ఇంట్లో ఇస్త్రీ పని నాది. అడిగితే పని పోతుందని నోరు మూసుకున్నాను. నా కూతురు మూసుకోలేదు. అది పాటలు కడుతుంది. సోఫా రంగుకు సరిపడే పుస్తకాలు కొనేవాళ్ల మీద, ఇచ్చిన దుప్పటి ఫోటో అవగానే లాక్కునేవాళ్ల మీద పాట కట్టి ఫోన్‌లో పెట్టింది. ఊరంతా పాకింది.

మేడం పిలిచింది.

"ఆ పాట నీ కూతురిదేనటగా?"

"చిన్నపిల్లమ్మా, తెలియక..."

"భలే ఉందే! మా ఆడపడుచు అచ్చం అంతే! రేపు సాయంత్రం పార్టీలో పాడమను. ఒక్క మాట మార్చాలి. బజారు దుప్పటి అని ఉంది, చీప్‌గా ఉంది. విదేశీ ఉన్ని అనమను."

ఇంటికొచ్చి చెబితే కూతురు గయ్యిమంది. "చచ్చినా మార్చను!"

"మార్చెయ్యవే. నిజానికి అది విదేశీ ఉన్నే."

మర్నాడు అది పాడుతుంటే ఆడవాళ్లు ఒకరినొకరు వేలితో చూపించుకుంటూ గెంతారు. ఇస్త్రీ చేసిన టేబుల్ గుడ్డలు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. సోఫా మూల కుక్క పడుకుని ఉంది. దాని కింద మా అత్త దుప్పటి.

ఒళ్లు భగ్గుమంది. గుడ్డలు అక్కడే పడేసి, కుక్కను దించి, దుప్పటి లాగాను.

"పాటలో దుప్పటి ఇదేనమ్మా. మా అత్తది. లాక్కున్నది ఈవిడ."

చప్పట్లు మోగాయి. "ఎంత బాగా నటిస్తోందో!" ఫోన్లన్నీ లేచాయి. ఇక మేడం ఏం చేస్తుంది? పళ్లు బిగించి నవ్వింది.

"తీసుకెళ్లు, నీదే."

"ఈసారి వెనక్కి అడగరుగా?" అన్నాను.

అందరూ ఇంకా గట్టిగా నవ్వారు. సిగ్గు పడాల్సినవాళ్లకే అది వినోదమైతే, పాట కట్టి మాత్రం ఏం లాభం?

గేటు దగ్గర వాచ్‌మన్ చెప్పాడు, "రేపట్నుంచి రావద్దందక్కా."

"వస్తానని ఎవరన్నారు?"

కుక్క బొచ్చంతా దులిపి అత్తకు కప్పాను. ఆవిడ దుప్పటి గడ్డం దాకా లాక్కుని, ఏదో గుర్తొచ్చి లేచి కూర్చుంది. జుట్టు సవరించుకుంది.

"ఫోటో వాళ్లేరే?"

"ఎవరూ రారత్తా. పడుకో."