కామేశ్వరమ్మ పేరున్న గ్లాసు

నేను ఒక స్టీలు గ్లాసుని. పుట్టింది మజ్జిగ కోసం. పెరిగింది బీరులో. అసూయ మాత్రం ఎవరూ నేర్పలేదు, దానంతట అదే వచ్చింది.

మద్రాసులో రేకు కోసి, అచ్చులో నొక్కి, మెరుగు పెట్టి నన్ను లోకంలోకి తోశారు. బొబ్బిలిలో కామేశ్వరమ్మ గారు కొత్త ఇల్లు కట్టుకుని, గృహప్రవేశానికి వచ్చినవాళ్లకు పంచడానికి నలభై గ్లాసులు కొన్నారు. కొట్టువాడు చిన్న మిషనుతో టకటకమని చుక్కలు పొడుస్తూ ఒక్కొక్కదాని మీదా ఆవిడ పేరు కొట్టాడు. నేను ఆవిడ మేనల్లుడు జోగారావు వాటాకు వచ్చాను. మజ్జిగ తాగమని ఆవిడ ఇస్తే, ఆ మహానుభావుడు హాస్టల్లో నాలో టూత్‌బ్రష్షు పెట్టుకున్నాడు. మనుషులు కానుకలను గౌరవించే తీరు అది.

తరవాత జోగారావు ఇంగ్లండు వెళ్లి ఒక పాత బీరు కార్ఖానాలో రెండేళ్లు పనిచేశాడు. నన్నూ పట్టుకెళ్లాడు. అక్కడి ముసలివాళ్లు బిట్టర్ అనే వాళ్ల చేదు బీరును ఎలా తాగుతారో నేను కళ్లారా చూశాను. కుండలో నీళ్లంత చల్లదనం చాలు వాళ్లకు. నురగ తక్కువ, తొందర అసలే లేదు. హైదరాబాదు వచ్చి సొంతంగా బీరు కాచి అమ్మే విఠల్ రెడ్డి గారి హోటల్లో కుదిరాక, జోగారావు ఆ బిట్టర్‌నే ఒక ట్యాంకులో కాచాడు. ప్రతి ఉదయం ట్యాంకు కింద నన్ను పట్టి, మొదటి గుక్క నాలోనే తాగేవాడు. మిగిలిన పొద్దంతా అతని ఏప్రాన్ జేబులో ఉండేదాన్ని. ఆరేళ్లు అతని నాలుకకు నాకంటే దగ్గరివాళ్లు లేరు. గొప్ప చెప్పుకుంటున్నానని మీరు అనుకున్నా నాకేమీ నష్టం లేదు.

అప్పుడు దిగాయి ఆ గాజు మగ్గులు. లావుపాటివి, ఒళ్లంతా గుంటలు గుంటలుగా నొక్కులు, పక్కన ఒక చెవి. తెప్పించింది ఎవరో కాదు, జోగారావే. "అక్కడ దీన్లోనే తాగుతారండి," అని విఠల్ రెడ్డి గారికి చూపిస్తూ ఒకదాన్ని మెత్తటి గుడ్డతో తుడిచాడు. నన్ను ఏనాడైనా గుడ్డతో తుడిచాడా? కుళాయి కింద తిప్పి జేబులో పడేయడమే. నా కడుపు మండిపోయింది.

మగ్గులు వచ్చినా బిట్టర్‌కు గిరాకీ పెరగలేదు. "ఈ చేదు ఎవడు తాగుతడు జోగారావ్?" అన్నారు ఒకరోజు విఠల్ రెడ్డి గారు. "పేపర్ల రాసే ఫిలోమినా మేడమ్‌ను పిలిచిన. ఆమె పదికి ఏడు మార్కులన్నా ఇయ్యకుంటే ఆ ట్యాంకుల మామిడిపండు బీరు పోసుడే." ఫిలోమినా గారు సికింద్రాబాదు మనిషి. ఇంగ్లండులో ఇరవై ఏళ్లు ఉండి వచ్చి, బీర్లు రుచి చూసి మార్కులు వేసే పని పెట్టుకున్నారు.

ఆవిడ ఆదివారం మధ్యాహ్నం వచ్చారు. మన ఊళ్లో బీరు పళ్లు జివ్వుమనేంత చల్లగా లేకపోతే అతిథికి అవమానం చేసినట్టే. అందుకని విఠల్ రెడ్డి గారు, జోగారావుకు చెప్పకుండా, పొద్దున్నే ఒక మగ్గును ఫ్రీజర్లో పెట్టించారు. మంచు పట్టి తెల్లబారిన ఆ మగ్గులో తనే స్వయంగా బిట్టర్ పోసి ఆవిడ ముందు పెట్టారు. జేబు అంచులోంచి చూస్తున్న నాకు విషయం అర్థమైంది. అంత చలిలో ఏ వాసనా పైకి లేవదు. మగ్గు పరువు పోవడం ఖాయం. నిజం చెబుతున్నాను, నాకు పట్టలేనంత సంతోషం వేసింది.

ఆవిడ వాసన చూశారు. మగ్గు తిప్పి మళ్లీ చూశారు. ఒక గుక్క తాగి, పుస్తకంలో నాలుగు అని వేశారు.

అప్పుడు జోగారావు చెయ్యి జేబులోకి వచ్చి నన్ను పట్టుకుంది. బొటనవేలు నా పేరు మీద అదేపనిగా రుద్దుతోంది. ఓడింది మగ్గు కాదు, ఇతను. ఆ సంగతి నాకు అంతవరకూ తట్టనే లేదు. నా సంతోషం మీద నాకే అసహ్యం వేసింది.

అతను గబగబా వెళ్లి ట్యాంకులోంచి నన్ను నింపి, రెండు చేతులతో తెచ్చాడు. "మీరేటీ అనుకోకండమ్మా. మేం రోజూ రుచి చూసేది దీన్లోనండి. ఒక్క గుక్క చూడండి."

ఫిలోమినా గారు తాగి కళ్లు మూసుకున్నారు. "కాల్చిన రొట్టె పెచ్చు వాసన," అన్నారు నెమ్మదిగా. "కొంచెం నారింజ తొక్క. చివర్లో మెంతుల్లాంటి చేదు, నిలబడే చేదు. ఇంతసేపూ ఇదెక్కడ దాచారండీ?" నాలుగు కొట్టేసి ఎనిమిది వేశారు. నేను ఉబ్బి తబ్బిబ్బయ్యాను. అది ఎంతోసేపు ఉండలేదు. "స్టీలు గ్లాసులో రంగు కనబడటం లేదే," అని ఆవిడ మగ్గును దగ్గరికి లాక్కున్నారు. దాని మంచు అప్పటికి కరిగిపోయింది. అందులోని పాత బీరు పారబోయించి, నాలో మిగిలింది అందులోకి వంపుకున్నారు. కిటికీ ఎండలో అది కొత్త రాగి చెంబులా మెరిసింది. ఇంకో అర మార్కు పడింది. ఆ అర మార్కు మగ్గుదే. ఈనాటికీ నాకు అది మింగుడుపడలేదు.

ఖాళీ అయిన నన్ను ఆవిడ తిప్పి చూశారు. "ఈ కామేశ్వరమ్మ గారెవరు?"

"మా మేనత్తండి. మజ్జిగ తాగమని ఇచ్చింది."

తరవాతి వారం పేపర్లో ఆ మాట కూడా రాశారు. ఫోటో మాత్రం మగ్గుది. అప్పటినుంచి వచ్చినవాళ్లంతా కామేశ్వరమ్మ బిట్టర్ కావాలని అడగడం మొదలుపెట్టారు. విఠల్ రెడ్డి గారు ఇక ఏ మగ్గునూ ఫ్రీజర్లో పెట్టనివ్వకుండా, ఒక్కొక్కదాని మీదా బంగారు రంగుతో ఆ పేరు వేయించారు. బొబ్బిలిలో ఆవిడకు ఇంకా తెలియదు. ట్యాంకు నిలిచింది, జోగారావు నిలిచాడు. నా ఫోటో లేదు సరే, నా పేరు కూడా వాటికే పోయింది.

ఇప్పటికీ పొద్దున్నే మొదటి గుక్క నాలోనే. జోగారావు తాగుతూ ఆలోచనలో పడితే బొటనవేలితో నా పేరు మీద రుద్దుతుంటాడు. ఇన్నేళ్ల రుద్దుడుకు మొదటి అక్షరం అరిగిపోయింది, రెండోది అరుగుతోంది. ఇంకొన్నాళ్లకు పేరే ఉండదు. మగ్గుల మీద ఎంత బంగారమైనా ఉండనీ. అవి నన్ను చూసి కుళ్లుకోవాలంటే ఈ అరుగుదల చాలు.