పోయినా పోదన్న కరెంటు

ఓంప్రకాష్ నోటి మాట మీదనే సారక్క ఇంటిపైకి సోలార్ పలకలు ఎక్కాయి.

అతను సారక్క చెల్లెలు విజయరాణి మొగుడు. మొదటి లాక్‌డౌన్‌లో మగ్గాల కార్ఖానా మూతపడితే తోటివాళ్ళంతా మూటాముల్లే సర్దుకొని కరీంనగర్ దారి పట్టారు. అతను మాత్రం పెళ్ళాం పిల్లలతో సూరత్‌లోనే ఉండిపోయి నానా అవస్థలు పడ్డాడు. దీపావళి నాటికి ఎలాగో ఒక సోలార్ కంపెనీలో ఏజెంటుగా కుదిరాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో పేరు రాసిన బిళ్ళ, చేతిలో రంగురంగుల కాగితాలు. మొదటి గిరాకీ కోసం వచ్చింది బమ్రోలిలోని వదినె ఇంటికే.

సారక్కది పైన ఒక గది, కింద ఒక గది ఉన్న సొంత ఇల్లు. కింది గదిలో మూడు మోటారు మిషన్లు వేసుకొని చీరలకు లేసు కుడుతుంది. మరో ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి కుట్టిపోతారు. మొగుడు లింగమూర్తి పాండేసరాలో మగ్గాల మాస్టరు. మిషన్లు, ఫ్యాన్లు పొద్దంతా తిరిగితే వచ్చే కరెంటు బిల్లు ఆమె లేసు కూలిలో పెద్ద ముక్కే కొరికేసేది.

"సూర్యుడు నీకు బిల్లు పంపుతడా వదినె? సర్కారు సబ్సిడీ ఇస్తుంది. మిగిలింది నువ్వు కడితె బిల్లు పీడ ఇరుగడయితది" అన్నాడు ఓంప్రకాష్.

"మరి కరెంటు పోతె?" అని అడిగింది సారక్క.

"పగటిపూట గల్లీ అంత పోయినా నీ ఇంట్ల పోదు. నీ మిషన్లు ఆగవు. నాది జిమ్మేదారి."

లింగమూర్తికి మనసొప్పలేదు. చీటీ ఎత్తిన పైసలతో మరో రెండు మిషన్లు కొందామని వాళ్ళ ఆలోచన. "మిషన్లు కొంటె రేపటిసంది పని నడుస్తది. గీ పలకల పైసలు మర్లి రావాల్నంటె ఏండ్లు పడ్తదే" అన్నాడు. సారక్క వినలేదు. చెల్లెలి సంసారం ఒడ్డున పడుతుంది, తన బిల్లూ తగ్గుతుంది, ఒక దెబ్బకు రెండు పిట్టలనుకుంది. చీటీ డబ్బు డాబా ఎక్కింది.

బిల్లు నిజంగానే తగ్గింది. చలికాలం దాటి ఎండలు ముదిరేసరికి నామమాత్రం అయిపోయింది. సారక్క మురిసిపోయింది. నీళ్ళకు పోయినా, కూరగాయల బండి దగ్గర నిలబడ్డా అదే ముచ్చట. "కరెంటు పోయినా మా ఇంట్ల పోదు" అని ఆ ముక్క కూడా కలిపి చెప్పేది. సూరత్‌లో కరెంటు పోవడమే అరుదు కాబట్టి ఆ మాట నిజమో కాదో తేల్చుకునే అవసరం ఎవరికీ రాలేదు. ఆమెను చూసి గల్లీలో మరో నాలుగిళ్ళవాళ్ళు పలకలు పెట్టించుకున్నారు. పక్కింటి వెంకటవ్వ మాత్రం పెట్టించుకోలేదు. ఆమెకు కిరాణా కొట్టు ఉంది. పాల ఫ్రిజ్ ఆగకుండా పాత బ్యాటరీ ఇన్వర్టరు ఒకటి పెట్టుకుంది. "ఇంక ఎన్నేండ్లు దానికి నీళ్ళు పోసుకుంట కూసుంటవే?" అని సారక్క ఒకటి రెండుసార్లు నవ్వింది కూడా.

అంతలో రెండో అల వచ్చిపడింది. ఆసుపత్రుల ముందు అంబులెన్సులు బారులు తీరి నిలబడ్డాయి. లింగమూర్తికి జ్వరం వచ్చింది, దగ్గు వచ్చింది, ఊపిరి అందడం కష్టమైంది. ఎక్కడా మంచం దొరకలేదు. చివరికి పద్మశాలి సమాజం వాళ్ళు గాలిలోంచి ఆక్సిజన్ తీసే మిషన్ ఒకటి తెచ్చి పై గదిలో పెట్టారు. కరెంటు ఉన్నంతసేపు అది గురగురమంటూ ఆడుతుంది. దాని గొట్టం ముక్కుకు పెట్టుకొని లింగమూర్తి బోర్లా పడుకునేవాడు. కూతురు సంధ్య కాలేజీ ఫోన్ పాఠాలు పక్కన పడేసి తండ్రి వేలికి తొడిగిన మీటరునే చూస్తూ కూర్చునేది.

మే నెలలో తుఫాను కొట్టింది. ఆ రోజంతా కరెంటు వస్తూ పోతూ ఉంది. పోయిన ప్రతిసారీ కాసేపట్లోనే వచ్చింది. మబ్బు పట్టి ఉంది కదా, పలకలకు ఎండ ఎక్కడిదిలే అని సారక్క సర్దిచెప్పుకుంది.

మర్నాడు ఎండ ఫెళ్ళున కాసింది. గాలికి సగం ఊడి వేలాడుతున్న హోర్డింగు ఒకటి గల్లీ మొదట్లో స్తంభం మీద పడి తీగలు తెగిపోయాయి. పై గదిలో మిషన్ కీచుమని అరిచి ఆగిపోయింది.

సారక్క భయపడలేదు. ఎండ ఉంది కదా. మెట్ల గోడకు బిగించిన సోలార్ డబ్బా దగ్గరికి పోయి చూసింది. ఎర్రలైటు వెలుగుతోంది. చేత్తో రెండు దెబ్బలు చరిచింది. ఎర్రలైటు ఎర్రలైటుగానే ఉంది. డాబా మీదికి ఉరికింది. తుఫాను తెచ్చిపోసిన మట్టి, ఆకులు పలకల నిండా అంటుకొని ఉన్నాయి. కొంగు తడిపి బరబరా తుడిచింది. పలకలు కళ్ళు చెదిరేలా మెరిశాయి. కింద ఒక్క ఫ్యాను కూడా కదల్లేదు.

ఫోన్ తీసింది. రెండుసార్లు మోగినా ఓంప్రకాష్ ఎత్తలేదు. మూడోసారి ఎత్తాడు.

"మరిదీ, కరెంటు పోయింది. ఎండ దంచి కొడ్తుంది. డబ్బాల ఎర్రలైటు వస్తుంది. ఏది నొక్కాల్నో జల్ది చెప్పు. మీ అన్నకు మిషిన్ బందయింది."

అతను మెల్లగా, "వదినె... అది గట్లనే ఉంటది" అన్నాడు.

"గట్లనే అంటె ఏంది?"

"లైను కరెంటు పోతె అది గూడ బందయితది. తీగెల మీద పని చేసేటోళ్ళకు షాక్ కొట్టొద్దని గట్ల పెడ్తరు. బ్యాటరీ ఉంటేనే నడుస్తది. నీకు బ్యాటరీ లేదు గద."

సారక్క నెత్తికి నిప్పంటుకున్నట్టయింది.

"పోయినా పోదని అన్నది నువ్వే గదరా! జిమ్మేదారి అని అన్నది నువ్వే గద!"

"ఆఫీసుల అడిగి చెప్త వదినె" అని ఫోన్ పెట్టేశాడు.

"మమ్మీ! పప్పకు సాస్, ఊపిరి అందుతలేదు! జల్ది రా!" కింద నుంచి సంధ్య కేక పెట్టింది.

సారక్క కిందికి పోలేదు. పిట్టగోడ మీదికి వంగి, పక్క డాబా మీద తడి పప్పులు ఆరబోస్తున్న వెంకటవ్వను గొంతు చించుకొని పిలిచింది. విషయం సగం చెప్పేసరికే వెంకటవ్వ చేతిలోని చాట పారేసింది. "అమ్మా, వాళ్ళింట్ల బీమారి ఉంది, నువ్వు పోకు" అని ఆమె కొడుకు కింది నుంచి అరుస్తున్నా వినిపించుకోలేదు. కొట్లోకి దిగి ఫ్రిజ్ ప్లగ్గు పీకేసింది. గణపతి మండపానికి వాడే పొడుగు వైరు ఒక కొసను అక్కడ గుచ్చి, చుట్టను భుజానేసుకొని ఎక్కి వచ్చి పిట్టగోడ మీదినుంచి ఇటు విసిరింది.

"పాలన్ని ఇరిగిపోతయేమో అవ్వా" అంది సారక్క, వైరు అందుకుంటూ.

"ఇరిగితె ఇరుగనియ్యి. మాట్లాడుకుంట నిలబడ్డవేంది? ఉరుకు!"

సారక్క ఆ వైరును తళతళ మెరుస్తున్న పలకల మీదుగానే ఈడ్చుకుపోయి, మెట్ల మీదుగా పై గదిలోకి దించింది. ప్లగ్గు పెట్టగానే మిషన్ ఒకసారి దగ్గి గురగురమంది. లింగమూర్తి పెదవులు నీలంగా ఉన్నాయి. కళ్ళు తేలేశాడు. సంధ్య అతని వీపు రాస్తూ, వేలి మీటరు చూస్తూ ఏడుస్తోంది. అంకె పైకి ఎక్కడానికి చాలాసేపు పట్టింది. ఎక్కింది. వెంకటవ్వ ఇన్వర్టరు బ్యాటరీ అడుగంటుతున్న వేళకు, మధ్యాహ్నం దాటాక, లైను కరెంటు వచ్చింది.

అప్పుడు సారక్క మెట్ల మీద కూలబడింది. ఆ వేళ ఓంప్రకాష్ ఎదురుగా ఉంటే తన చేతులు ఏం చేసేవో ఆమెకే తెలియదు.

లింగమూర్తి బతికాడు. చిక్కి శల్యమై, నాలుగు మెట్లెక్కితే ఆయాసపడుతూ, మగ్గాల దగ్గర నిలబడే శక్తి లేకపోయినా, బతికాడు. సారక్క కోపం మాత్రం తగ్గలేదు. మిషన్ మీద కూర్చుంటే దారం తెంపేది. అన్నం గిన్నె కింద పెడితే పగులుతుందేమో అన్నంత చప్పుడయ్యేది.

"ఇడిసిపెట్టవే. నీ చెల్లె మొగడు, నా షడ్డకుడే గద. నేను బతికిన గద" అన్నాడు లింగమూర్తి ఒకరోజు.

"బతికినవు కాబట్టే గింత నిమ్మలంగ అంటున్నవు. పోతె ఎవలంటుండె ఈ మాట?"

ఆంక్షలు సడలాక ఓంప్రకాష్ విజయరాణిని వెంటబెట్టుకొని వచ్చాడు. చేతిలో యాపిల్ పండ్లు. ముఖానికి మాస్కు. లింగమూర్తి మంచం పక్కన కాసేపు కూర్చొని, మెల్లగా అసలు సంగతికి వచ్చాడు. బ్యాటరీతో నడిచే కొత్త రకం డబ్బా వచ్చిందట. పాతది మార్చి పెట్టిస్తాడట. వదినెకు కాబట్టి తక్కువలో ఇప్పిస్తాడట.

సారక్క అంతా విన్నది. "ఒక్కటి చెప్పు. బ్యాటరీ లేకుంటె నడువదని నీకు ఆనాడే ఎర్కేనా?"

ఓంప్రకాష్ విజయరాణి వైపు చూశాడు. "ట్రైనింగుల చెప్పిండ్రు."

"మరి నాకెందుకు చెప్పలే?"

"బిల్లు తగ్గిందా లేదా వదినె? గండ్ల నేను అబద్ధమాడలే గద."

"తగ్గింది. తగ్గిందని గల్లీ అంత నేనే దండోరా ఏసిన. నాకు గా ఒక్క మాట చాలు గద! పోయినా పోదని ఎందుకన్నవ్?"

"గా మాట అంటేనే సంతకం పెడ్తరు" అన్నాడు ఓంప్రకాష్. మాస్కు కిందికి లాగి, గొంతు పెంచాడు. "నా బాధ నీకేమెర్క? మగ్గం పోయింది, ఇంటి కిరాయి నెత్తి మీద పడ్డది. అందరు ఏజెంట్లు అదే అంటరు. నేనొక్కన్ని అనకుంటె నా పిల్లలు ఏం తినాలె?"

సారక్క లేచి నిలబడింది. "నీ పిల్లల అన్నం కోసం నా మొగని ఊపిరి తాకట్టు పెట్టినవా? నడువు. నా మాట మీద నాలుగిండ్లు పెట్టిచ్చుకున్నరు. మన గల్లీ రాజమౌళి మొన్ననే బయానా పైసలు ఇచ్చిండు. ఒక్కో ఇంటికి పోదాం. ఉన్నదున్నట్టు నీ నోటితోని చెప్పు."

"అక్కా, ఆయన కడుపు మీద కొడ్తవా?" విజయరాణి ఏడ్చింది.

"కొడ్త. నిజం చెప్తె నిండని కడుపు మాడనియ్యి!"

ఓంప్రకాష్ చెప్పులేసుకొని చరచరా వెళ్ళిపోయాడు. విజయరాణి కొంగుతో కళ్ళొత్తుకుంటూ వెనకే పోయింది. సారక్క పండ్ల సంచి తీసి వాళ్ళ వెనక గల్లీలోకి విసిరింది.

ఆ పొద్దే ఆమె ఒక్కతీ ఇల్లిల్లూ తిరిగింది. తుఫాను మర్నాడు తమ డబ్బా చెడిందేమో అనుకున్న ఒకరు బిత్తరపోయారు. ఇంకొకరు, "అయ్యో, బిల్లు తగ్గుతుంది గద, పోనీ" అన్నారు. రాజమౌళి మాత్రం గుమ్మంలోనే నిలబెట్టాడు.

"అప్పుడు పెట్టిచ్చుకో అన్నది నువ్వే, ఇప్పుడు వద్దన్నది నువ్వే. మీ మరిదితోని నీకు పంచాయితి ఉంటె మా నడుమకెందుకు తెస్తవు? పెట్టిచ్చినందుకు నీకు కంపెనీ మిక్సీ ఇచ్చిందట గద. ఇంకోటి ఇయ్యలేదని కోపమా?"

ఉగాదికి విజయరాణి మిక్సీ తెచ్చింది నిజమే. చెల్లె ప్రేమతో తెచ్చిందని సారక్క అనుకుంది. పచ్చళ్ళు నూరిన ప్రతిసారీ చెల్లెను తలుచుకుంది. అక్కడే, రాజమౌళి గుమ్మంలోనే ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది.

"గా మిక్సీ ఎవలిచ్చిండ్రే?"

విజయరాణి నసిగింది: "నాలుగిండ్లు అయినందుకు కంపెనీ ఇచ్చిందక్కా. నీకు చెప్తె తీసుకోవని..."

సారక్క ఫోన్ కట్ చేసింది. రాజమౌళి అంతా విన్నాడు, అయినా అనుమానంగానే చూశాడు. ఇక ఆ మనిషికి మాటలతో చెప్పి లాభం లేదనుకుంది.

"అన్నా, నడువు. మా డాబా ఎక్కు. నా మాట నమ్మకు, నీ కండ్లతోని చూడు."

అతను గొణుక్కుంటూనే వచ్చాడు. కింది గదిలో మూడు మిషన్లూ నడుస్తున్నాయి, ఫ్యాన్లు తిరుగుతున్నాయి, డాబా మీద ఎండ మండిపోతోంది. సారక్క మీటరు దగ్గర మెయిన్ స్విచ్చు కిందికి గుంజింది. మిషన్లు ఆగాయి. ఫ్యాన్లు నెమ్మదించి నిలిచిపోయాయి. గోడ డబ్బాలో ఎర్రలైటు వెలిగింది. రాజమౌళి డాబా మీదికి ఒకసారి, డబ్బా వైపు ఒకసారి చూశాడు. తానే స్విచ్చు పైకి లేపి, మళ్ళీ దించి చూశాడు.

"మా అమ్మకు ఆయాసముంది. కరెంటు పోయినా ఆమె మందు పీల్చే మిషిన్ ఆగదనే బయానా ఇచ్చిన" అన్నాడు. అతని మొహం గంటుపడింది. "వాన్ని..." అని పళ్ళు కొరికి, తర్వాత అడిగాడు. "మరి నువ్వు ఊడబీకి పారెయ్యలేదేంది?"

"ఎందుకు పీకుత? బిల్లు తగ్గుతుంది. పైసలు పెట్టిన. పైసలు ఎల్లేదాక ఉంచుకుంట. బిల్లు కోసమైతె పెట్టిచ్చుకో, కరెంటు పోతె ఆదుకుంటదని మాత్రం పెట్టిచ్చుకోకు."

రాజమౌళి బయానా వెనక్కి తీసుకున్నాడు. వారం తిరగకముందే గల్లీలో సారక్క మెయిన్ స్విచ్చు చూడని ఇల్లు లేదు. ఎవరైనా వచ్చి అడిగితే కుట్టుపని ఆపి మరీ చూపించేది. పని పాడవుతోందని లింగమూర్తి గొణిగాడు కానీ ఆపలేదు. ఓంప్రకాష్ మళ్ళీ ఆ గల్లీలో అడుగు పెట్టలేదు. మిక్సీని సారక్క సంధ్య చేత కంపెనీ దుకాణానికి పంపింది. అక్కడివాళ్ళు వద్దంటే, సంధ్య దాన్ని వాళ్ళ బల్ల మీదనే పెట్టి వచ్చేసింది. విజయరాణి ఫోన్ చేయడం మానేసింది. సారక్కా చేయలేదు. రాత్రి అన్నం ముందు కూర్చున్నప్పుడు చెల్లె పిల్లలు గుర్తొచ్చి ముద్ద దిగేది కాదు. అది కూడా ఓంప్రకాష్ ఖాతాలోనే వేసి మరింత మండిపడేది.

ఒక ఆదివారం సంధ్య స్కూటీ ఆపి వచ్చి, మొహానికి చుట్టిన చున్నీ విప్పుతూ చెప్పింది. "మమ్మీ, చిన్నాయిన అబ్ కతర్‌గామ్‌ల తిరుగుతుండట. మా దోస్త్ వాళ్ళ సొసైటీల మీటింగ్ పెడ్తుండట. దిన్ మే లైట్ పోయినా మీ ఇంట్ల పోదని అందరికి చెప్తుండట."

సారక్క కుడుతున్న చీర మీద సూది ఆగింది. లేసు కొస సగంలోనే వదిలేసి లేచింది.

"మీటింగు ఎప్పుడట?"

"ఆజ్ సాంజే. ఇయ్యాల సాయంత్రమే."

"చున్నీ తియ్యకు" అంది సారక్క, కాళ్ళకు చెప్పులు తొడుక్కుంటూ. "బండి తియ్యి."