వేషాలమారి గడియారం

హోటలు లాబీలో, రిసెప్షన్ బల్ల వెనక గోడ మీద, పెద్ద పళ్ళేలంత గడియారాలు ఐదు వరసగా ఉంటాయి. ఒక్కో దేశానికి ఒక్కటి. ప్రపంచమంతా తన గుప్పిట్లో ఉందని నలుగురికీ చూపించుకోవడానికి యజమాని పెట్టించాడు కానీ, వాటికి ఊడిగం చేసేది మాత్రం రిసెప్షన్ అమ్మాయి. అందుకే ఆమె వాటికి పేర్లు పెట్టుకుంది. అందరికంటే ముందే తెల్లవార్చేసుకునేది తొందరమ్మ. ఇక్కడ మధ్యాహ్నమవుతున్నా ఇంకా నిన్నటి రోజులోనే దొర్లేది నిద్రమొహం. లోకమంతా గంటలు, అరగంటల లెక్కన తేడా పెట్టుకుంటే పావుగంట దగ్గర పేచీ పెట్టేది మెలికమ్మ. నడుమ ఉన్నది ఇక్కడి టైము చూపించేది, పాపం ఏ గొడవా లేనిది. ఐదోది వేషాలమారి. ఆ దేశంవాళ్ళు ఎండాకాలానికి ముందు గడియారాన్ని గంట ముందుకు జరుపుకుంటారు, చలి మొదలవగానే మళ్ళీ వెనక్కి లాక్కుంటారు. వాళ్ళ ముచ్చటకు ఇక్కడ ఈ అమ్మాయి స్టూలెక్కాలి.

ఆదివారం మేనేజరు వెళుతూ వెళుతూ, "అమ్మాయ్, ఆ చివరిదాన్ని ముందుకు తిప్పు, ఇవాళే మార్పు" అన్నాడు. "అలాగే సార్" అంది. స్టూలు సామాన్ల గదిలో ఉంది. తాళంచెవి వాచ్‌మన్ జేబులో ఉంది. వాచ్‌మన్ భోజనానికి పోయాడు. రేపు చూద్దాంలే అనుకుంది. ప్రతివాడి చేతిలో ఫోను ఉండగా ఈ గోడకేసి చూసేదెవరని తనకు తానే సర్దిచెప్పుకుని, నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంది.

చూసే మనిషి మర్నాడే దిగింది. పక్కవీధి ఆసుపత్రిలో కంటికి ఆపరేషన్ చేయించుకుని, నల్లకళ్ళద్దాలతో గోడ పట్టుకుని నడుస్తూ వచ్చింది ఒక పెద్దావిడ. "ఇలా కూర్చోండి అమ్మగారూ" అంటే, "అమ్మగారేమిటే, నేనేమన్నా మీ మేనేజరు పెళ్ళాన్నా? పెద్దమ్మా అను" అంది. ఫోను ముట్టుకోవద్దని డాక్టరు కేకలేశాడట. ముట్టుకున్నా అందులో అంకెలు చీమల్లా పాకుతున్నాయట. తలెత్తి గోడకేసి చూసి చిన్నపిల్లలా నవ్వింది.

"ఇవి కనబడుతున్నాయే! వీటిలో మా తమ్ముడుండే దేశానిది ఏది?"

అమ్మాయి వేషాలమారిని చూపించింది. దాన్ని తిప్పలేదన్న సంగతి అప్పటికే మర్చిపోయింది.

తమ్ముడికీ ఆవిడకీ మాటల్లేక ఏళ్ళయింది. తల్లి పోయినప్పుడు ఎవరు ఆలస్యంగా వచ్చారన్న దగ్గర మొదలైన గొడవ, ఎవరు ముందు పలకరించాలన్న దగ్గర ఆగిపోయింది. ఇప్పుడు తమ్ముడి గొంతుకు జబ్బు. గురువారం కోసి తీసేస్తారు. ఆ తర్వాత మాట ఉండదు. ఈలోపు అక్కను ఒక్కసారి ఫోన్ చెయ్యమని కూతురితో కబురు పంపాడు. వాళ్ళ వార్డులో మంచం దగ్గరికి ఫోను తెచ్చేది అక్కడి సాయంత్రం ఐదు నుంచి ఆరు దాకానే.

"ఎక్కువ మాటలొద్దే. ఒక్కసారి అక్కా అంటే చాలు. ఆ గొంతు దాచుకుంటాను" అంది పెద్దమ్మ.

ఇక్కడ పొద్దున్న ఫలహారాలు ముగిసే వేళకు ఆవిడ కిందికి వచ్చేది. బల్ల ఎదురు కుర్చీలో కూర్చుని, వేషాలమారి ఐదు కొట్టేదాకా కళ్ళార్పకుండా చూసి, "కలుపు" అనేది. అమ్మాయి నంబరు నొక్కి రిసీవరు చేతికిచ్చేది. అవతల నర్సు వాళ్ళ భాషలో గబగబా ఏదో అని పెట్టేసేది. మొదటిరోజు "లైను బాగోలేదు కాబోలు" అంది పెద్దమ్మ. రెండోరోజు "నిద్రపోతున్నాడేమో" అంది. ఇలా ఇవ్వండి, నేనడుగుతాను అని అమ్మాయికి నోటిదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే ఎవరో గది తాళం అడిగారు.

బుధవారం పెద్దమ్మ రిసీవరును మెల్లగా పెట్టేసింది.

"వాడే వద్దని చెప్పిస్తున్నాడే."

"అలా అయ్యుండదు పెద్దమ్మా."

"నీకున్న ఓపిక నా కడుపున పుట్టినవాళ్ళకు లేదు. ఈ వారం నా కళ్ళు నువ్వేనే" అని అమ్మాయి చెంప నిమిరి పైకి వెళ్ళిపోయింది. అమ్మాయి ఆ మాటకు ఆ రోజంతా మురిసిపోయింది.

గురువారం అక్కడ తమ్ముడి ఆపరేషన్ అయిపోయింది. శుక్రవారం గది ఖాళీ చేస్తూ పెట్టెలు పట్టుకున్న ఒకాయన గోడకేసి చూసి, "ఏమ్మా, ఆ చివరిది గంట వెనక ఉంది. నేను అక్కడివాణ్ణే" అని నవ్వుతూ వెళ్ళిపోయాడు.

అమ్మాయి గబగబా లెక్క వేసుకుంది. గోడ మీద ఐదంటే అక్కడ ఆరు. ఆరంటే ఫోను తీసుకెళ్ళిపోయిన వేళ. మూడురోజులూ ఆ ముసలమ్మను తన చేతులతోనే మూసిన తలుపు దగ్గరికి తీసుకెళ్ళింది. పైగా కళ్ళు నువ్వేనంటే మురిసిపోయింది కూడా.

అప్పుడు మాత్రం స్టూలు చిటికెలో వచ్చింది. గబుక్కున ఎక్కింది. ముల్లు తిప్పేస్తే ఎవరికీ తెలియదు. మేనేజరుకు తెలియదు, ఉద్యోగానికి ఢోకా లేదు. ముల్లు మీద వేలు పెట్టేసరికి వెనక చెప్పుల చప్పుడు.

"పైకెక్కి ఏం చేస్తున్నావే?"

"దుమ్ము తుడుస్తున్నా పెద్దమ్మా."

"తుడువు. ఇవాళ నీకు నాతో పనిలేదులే. గొంతు పోయేదాకా మొండికేశాడు. ఇక నేను చెయ్యను. ఎవరి బతుకు వాళ్ళది."

తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది అమ్మాయి. తను నోరు మూసుకుంటే ఈవిడ చచ్చేదాకా తమ్ముణ్ణి తప్పుపడుతుంది. స్టూలు మీది నుంచే, దిగే ధైర్యం కూడా లేక, అంతా చెప్పేసింది. ఆదివారం సంగతి, స్టూలు సంగతి, ఇప్పుడే ఆడిన దుమ్ము అబద్ధం కూడా. "నావల్లే పెద్దమ్మా" అంది.

పెద్దమ్మ తడుముకుని కుర్చీ చేయి పట్టుకుంది. నల్లకళ్ళద్దాల వెనక ఏముందో కనబడలేదు.

"అయితే ఇప్పుడు అక్కడెంత?"

"ఐదు దాటింది."

"నిన్ను తిట్టడానికి నాకిప్పుడు తీరిక లేదు. వాడి గంట నడుస్తోంది. దిగి కలుపు."

ఈసారి అమ్మాయే నర్సుతో మాట్లాడింది. వచ్చీరాని పరాయి భాషలో అడిగింది, విన్నది. విన్నది చెప్పక తప్పదు. మింగేస్తే ఇంకో తప్పు.

"మూడురోజులూ గంటసేపు ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారట. తీసుకెళ్ళబోతే ఇంకాసేపుంచమని బతిమాలారట. ఇప్పుడు మాట్లాడలేరు కానీ, వింటారట. చెవి దగ్గర పెడుతున్నానంది."

పెద్దమ్మ రెండు చేతులతో రిసీవరు అందుకుంది. నల్లకళ్ళద్దాల కిందినుంచి నీళ్ళు కారుతున్నాయి. ఆపరేషనైన కంటికి ఏడుపు మంచిది కాదని డాక్టరు మరీమరీ చెప్పాడు. అది కూడా తన ఖాతాలోనే అనుకుంది అమ్మాయి.

"ఒరేయ్, అక్కనురా" అంది పెద్దమ్మ. ఆగింది. అవతల ఊపిరి గరగర తప్ప ఏమీ లేదు. "చేశాన్రా. రోజూ చేశాను. ఇక్కడ గోడ గడియారం తప్పురా. నీ తప్పు కాదు, నా తప్పు కాదు. గడియారానిది."

అమ్మాయి తలెత్తి చూసింది. వేషాలమారి ఏమీ ఎరగనట్టు నాలుగు దాటి తిరుగుతోంది. పెద్దమ్మ తన పేరు ఎత్తి నాలుగు తిట్టి ఉంటే బాగుండునని ఆమెకు ఏడుపొచ్చింది.