మిగిలిన ఒక్క టేకు

ప్రతి శనివారం పొద్దున్నే బట్టల బుట్ట చంకనెత్తుకుని అనురాధ కిందనున్న లాండ్రీ రూమ్‌కి దిగేది. పక్క అపార్ట్‌మెంట్ ఫుజికో గారి దుప్పట్లూ ఆ బుట్టలోనే. బాతెల్ ఊళ్లో ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఏడేళ్లుగా కోడ్ రాసీ రాసీ, వారం చివరికి ఆమెకు మిగిలే ఓపిక ఆ బుట్టకే సరిపోయేది.

ఫుజికో గారు ఒకప్పుడు జపాన్‌లో నూట నలభై సినిమాల్లో నటించి, తర్వాత నాలుగింటిని డైరెక్ట్ చేశారు. ఆడదానికి డైరెక్షనేమిటని స్టూడియో వాళ్లు షాట్‌కి ఒక్క టేకుకు సరిపడా ఫిల్మే ఇచ్చేవారు. మగవాళ్లకు మాత్రం పదేసి. అలా దక్కని టేకులన్నీ ఆవిడ దగ్గరే ఉండిపోయాయి. ఇప్పుడావిడ "మరొక్కసారి" అంటే చాలు, అప్పుడే జరిగింది మళ్లీ మొదట్నించీ జరిగేది. మెట్ల మీద పై అంతస్తు వీరభద్రం అంకుల్ జారవిడిచిన పాల క్యాన్ తిరిగి ఆయన చేతికొచ్చేది. ఆయన థాంక్స్ చెప్పి ఈసారి చూసుకుని దిగేవాడు. పోస్ట్‌మన్ ఒక్కడే, రెండుసార్లు మెట్లెక్కాల్సి వస్తోందని సణిగేవాడు.

"ఇంక ఒక్క టేకే మిగిలింది. అది నాకు," అన్నారావిడ ఒక శనివారం లాండ్రీ రూమ్‌లో, దుప్పటి కొస పట్టుకుని. "చావు సీను సరిగ్గా రాకపోతే కావాలి కదా."

అంతలో ఫోన్ మోగింది. వేరే రాష్ట్రంలో, ఇర్వింగ్‌లో ఉద్యోగం చేస్తున్న భర్త హర్షవర్ధన్.

"అనూ, ఇల్లు ఓకే అయింది. నువ్విక రిజైన్ చేసి హెచ్-ఫోర్ మీద వచ్చెయ్."

ఆ రోజుల్లో భార్యగా వచ్చే ఆ హెచ్-ఫోర్ వీసా మీదుంటే ఉద్యోగం చెయ్యకూడదు. ఉద్యోగం వదలడం అనురాధకు బొత్తిగా ఇష్టం లేదు. కానీ వాదించడానికీ ఓపిక కావాలి.

"సరే," అని పెట్టేసింది.

"ఎందుకు సరే అన్నావు?" అడిగారు ఫుజికో గారు.

"అలిసిపోయానండీ."

"నేనూ అంతే. డైరెక్షన్ చాలు, మళ్లీ నటించుకో అన్నారు. అలసటలో సరే అనేశాను." ఫుజికో గారు దుప్పటి ఒళ్లో పెట్టుకున్నారు. "మరొక్కసారి."

"అయ్యో, అది మీదండీ!"

ఫోన్ మోగింది.

"అనూ, ఇల్లు ఓకే అయింది. నువ్విక రిజైన్..."

అనురాధ వాషర్‌కి ఆనుకుని నిలబడింది. అలసట ఇందాక ఎంతుందో అంతే ఉంది.

"చెయ్యను, హర్షా. అక్కడ జాబ్ దొరికాకే వస్తాను."



"సరే," అన్నాడతను. అతని గొంతూ అలిసిపోయే ఉంది.

ఫుజికో గారు తలూపి, దుప్పటి రెండో కొస అందించారు.

నవంబర్‌లో ఒక మధ్యాహ్నం ఆవిడ అనురాధ ఎదురుగానే టీ సగం తాగి, కప్పు కింద పెట్టబోతూ పోయారు. కప్పు ఒరిగి టీ తన చీరమీద పడ్డా అనురాధ చూసుకోలేదు. ఆవిడ చెయ్యి పట్టుకుని "మరొక్కసారి" అంది. మళ్లీ అంది.

టేకులు అయిపోయాయి.